'పకరో': ఆజ్ఞార్థకం ధాతువుగా మారిన ఒక అరుదైన ఆంగ్లక్రియ – నిరుక్తి పరిశీలన

వ్యాససంగ్రహం:

19వ శతాబ్దంలో భారతదేశంలోని ఆంగ్లేయుల వ్యవహారంలో ఉండి, నేడు దాదాపు మరుగున పడిన ఆంగ్లక్రియ 'పకరో'. పట్టుకొను, చేజిక్కించుకొను అని దీని అర్థం. హిందుస్తానీ క్రియకు చెందిన ఆజ్ఞార్థక రూపం ఆంగ్లంలో ధాతువుగా స్థిరపడటం ఈ పదంలోని విశేషం. ఈ వ్యాసం ఆ పదం అర్థాన్ని, దాని వ్యుత్పత్తిపై ఉన్న ప్రతిపాదనలను, అదే పద్ధతిలో ఏర్పడిన మరికొన్ని క్రియలను వివరిస్తుంది. అదే మూలభాష నుంచి తెలుగు గ్రహించిన 'బనాయించు', 'చలాయించు' వంటి క్రియలతో వాటిని పోల్చి చూస్తుంది. ఆదానక్రియ ఏ రూపంలో వస్తుందన్నది అధికార సంబంధం ఒక్కటే నిర్ణయించదని, గ్రహించినవారి ద్విభాషా పరిచయం, గ్రహించే భాష వ్యాకరణ నిర్మాణం కూడా దానిని నిర్ణయిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదానపదాలు, ఆజ్ఞార్థకం, ధాతువు, హిందుస్తానీ, ఆంగ్లో-ఇండియన్ పదజాలం, అన్యదేశ్యం, ఇంచు ప్రత్యయం.

1. ఉపోద్ఘాతం:

ఒక భాష మరొక భాష నుంచి నామవాచకాన్ని గ్రహించడంలో పెద్ద చిక్కు ఉండదు. వస్తువు వస్తే పేరూ దాని వెంట వస్తుంది. క్రియ సంగతి వేరు. క్రియకు కాలాన్ని బట్టి, పురుషను బట్టి, వచనాన్ని బట్టి, విధినిషేధాలను బట్టి అనేక రూపాలుంటాయి. ఇన్ని రూపాలలో ఏ ఒక్కటి మరో భాషలోకి వెళుతుంది? వెళ్లిన రూపాన్ని ఆ భాష తన ధాతువుగా ఎలా మలచుకుంటుంది? అన్యదేశ్యాల అధ్యయనంలో ఈ ప్రశ్నలకు తగినంత ప్రాధాన్యం దక్కలేదు. పదం ఏ భాషది అని తేల్చడంతోనే చాలా సందర్భాలలో చర్చ ముగుస్తుంది. ఏ రూపం వచ్చిందన్న విషయాన్ని గమనిస్తే, ఆ రెండు భాషలవారి మధ్య మాట ఎలా నడిచిందో కూడా కొంత తెలుస్తుంది. ఇందుకు 'పకరో' అనే క్రియ మంచి ఉదాహరణ.

2. పదం – రూపం, అర్థం:

ఈ పదాన్ని ఆంగ్లంలో సాధారణంగా పి, యు, సి, కె, ఇ, ఆర్, ఓ, డబ్ల్యు అనే అక్షరాల క్రమంలో రాస్తారు. భారతదేశంలోని ఆంగ్లేయుల పదజాలానికి ప్రామాణిక నిఘంటువుగా పేరొందిన 'హాబ్సన్-జాబ్సన్'లో దీనికి ప్రత్యేక ఆరోపం ఉంది. కర్నల్ హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి కూర్చిన ఈ నిఘంటువు 1886లో వెలువడింది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన సివిల్ అధికారి, దక్షిణ భారత లిపిశాస్త్రంపై గ్రంథం రాసిన పండితుడు. నిఘంటువు అచ్చుకాకముందే, 1882లో ఆయన మరణించాడు. విలియం క్రుక్ సంస్కరించిన రెండవ ముద్రణ 1903లో వచ్చింది.

ఈ నిఘంటువు 'పకరో'కు చూపిన ప్రయోగం జి.ఓ. ట్రెవెల్యన్ రాసిన 'ది డాక్ బంగ్లా' అనే హాస్యనాటకంలోనిది. అది 1866 నాటిది. అందులో ఒక ప్రేమికుడు తాను ఇక 'కచ్చా' మనిషిని కానని, 'పక్కా' అయ్యానని చెప్పి, ప్రియురాలిని 'పకరో' చేసుకోవడానికి అనుమతి అడుగుతాడు. ఈ చమత్కారం పండాలంటే ప్రేక్షకులకు కచ్చా, పక్కా అన్న మాటలతో పాటు 'పకరో' కూడా తెలిసి ఉండాలి. అంటే 1866 నాటికి అది ఆంగ్లేయ సమాజంలో నలుగురికీ తెలిసిన మాటే. బ్రిటిష్ సైనికుల యాసలో కూడా ఇది పట్టుకొను, చేజిక్కించుకొను అన్న అర్థాలలో వాడుకలో ఉండేది. ఆ సమాజంతో పాటే ఈ పదమూ అంతరించింది. నేటి ఆంగ్లవ్యవహర్తలలో అత్యధికులకు ఇది అపరిచితం.

వర్ణక్రమంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటి అక్షరంలోని 'యు' ఇక్కడ ఉకారాన్ని కాక హ్రస్వ అకారాన్ని సూచిస్తుంది. పంజాబ్, పండిట్ వంటి పేర్లను ఆ కాలపు ఆంగ్లేయులు 'యు'తో రాసిన పద్ధతే ఇది. రెండవది రేఫ. హిందుస్తానీలో పట్టుకొను అనే అర్థంగల ధాతువు చివర ఉన్నది శుద్ధ రేఫ కాదు, నాలుక కొన పైకి మడిచి కొట్టి పలికే మూర్ధన్య తాడిత ధ్వని. ఆంగ్లేయుల చెవికి అది రకారంగా వినిపించింది. తెలుగువారికి డకారంగా వినిపిస్తుంది. అందుకే ఆంగ్లంలో 'పకరో' అయినదానిని తెలుగులో 'పకడో' అని రాస్తాం. 'ఉడాయించు' అన్న మాటలోని డకారం కూడా ఇదే ధ్వనికి తెలుగు ఇచ్చిన రూపం.

3. వ్యుత్పత్తి – మూడు మార్గాలు:

మూలం హిందుస్తానీ అనడంలో సందేహం లేదు. ఏ రూపం మూలమన్నదే ప్రశ్న. హాబ్సన్-జాబ్సన్ రెండు అవకాశాలను చూపింది. మొదటిది ప్రేరణ క్రియ 'పక్డానా'కు ఆజ్ఞార్థకమైన 'పక్డావో'. దీనికి పట్టించు, పట్టుబడేలా చేయి అని అర్థం. రెండవది 'పకడ్', 'ఆవో' అనే రెండు మాటల కలయిక. దీని అర్థం పట్టుకొని రా అని. తెలుగులో 'వాణ్ణి పట్టుకురా' అన్నప్పుడు వినిపించే ఆజ్ఞ ఇదే. నిఘంటుకర్తలు ఈ రెండవ మార్గం వైపు కొంత మొగ్గు చూపారు.

వీటికి తోడు మూడవ అవకాశాన్నీ పరిశీలించవచ్చు. అది మూలక్రియ 'పకడ్నా'కు సామాన్య ఆజ్ఞార్థకమైన 'పకడో'. అర్థం దృష్ట్యా ఇది అన్నిటికంటే సరళం. ఆంగ్లంలోని 'పకరో'కు పట్టుకొను అనే అర్థమే ఉంది, పట్టించు అనే ప్రేరణార్థం కనిపించదు. ధ్వని దృష్ట్యా మాత్రం మొదటి రెండు మార్గాలకే బలం ఎక్కువ. ఈ పదం చివరనున్న 'ఓ, డబ్ల్యు' జంటను అదే వర్గంలోని ఇతర పదాలలో 'ఆవో' అనే ధ్వనికి వాడారు. 'బనావో', 'లగావో' అనే హిందుస్తానీ రూపాలను ఆంగ్లేయులు ఈ జంటతోనే రాశారు.

ఈ మూడింటిలో ఏది అసలు మార్గమైనా ఒక విషయం మారదు. మూడూ ఆజ్ఞార్థక రూపాలే. 'పట్టుకొన్నాడు', 'పట్టుకొంటాను', 'పట్టుకోవడం' వంటి రూపాలలో ఏదీ ఆంగ్లంలోకి వెళ్లలేదు. మరో విశేషం కూడా ఉంది. హిందుస్తానీ ఆజ్ఞార్థకంలో మర్యాదను బట్టి అంతరాలున్నాయి. 'పకడ్', 'పకడో', 'పకడియే' అనేవి క్రమంగా పెరిగే గౌరవాన్ని సూచిస్తాయి. తెలుగులో 'పట్టు', 'పట్టండి' అనే భేదం వంటిదే ఇది. ఆంగ్లంలోకి వెళ్లినది ఓకారాంత రూపం. సేవకులతో, సిపాయిలతో, పడవవాళ్లతో మాట్లాడేటప్పుడు వాడే రూపమది. 'ఇయే' అంతంగల గౌరవ రూపమేదీ ఈ వర్గంలో కనిపించదు.

4. ఒకే పోతలోని క్రియలు:

'పకరో' ఒంటరి పదం కాదు. హిందుస్తానీ ఆజ్ఞార్థకాలు ఆంగ్లంలో ధాతువులుగా మారడం ఒక పద్ధతి అని హాబ్సన్-జాబ్సన్ గుర్తించి, ఆ పదాలను పరస్పరం సూచిస్తూ పోయింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

బనౌ: 'బనావో' నుంచి వచ్చింది. హిందుస్తానీలో తయారుచేయి అని అర్థం. ఆంగ్లేయుల వ్యవహారంలో కట్టుకథ అల్లు, లేనిది కల్పించు అన్న అర్థానికి పరిమితమైంది.

లగౌ: 'లగావో' నుంచి వచ్చింది. పడవను ఒడ్డుకు చేర్చి కట్టు అని అర్థం.

గబ్రౌ: 'ఘబ్రావో' నుంచి వచ్చింది. ఎదుటివాణ్ణి బెదిరించి కంగారుపెట్టు అని అర్థం. మూలంలో ప్రధానంగా అకర్మకమైన క్రియ ఇక్కడ సకర్మకమైంది.

ఫూజిలౌ: 'ఫుస్లావో' నుంచి వచ్చింది. ముఖస్తుతితో బుజ్జగించి లొంగదీసుకొను అని అర్థం.

సంజౌ: 'సంఝావో' నుంచి వచ్చింది. మూలార్థం బోధపరచు. ఆంగ్లేయుల వాడుకలో మాత్రం దెబ్బలతో బుద్ధి చెప్పు అన్న ఛాయ చేరింది.

డంకౌ: గదమాయించి నోరు మూయించు అని అర్థం. మొదటి ముద్రణలో దీనిని మౌనంగా ఉండు అనే అర్థంగల 'దమ్ ఖానా' అనే జాతీయంతో ముడిపెట్టారు. 'ధమ్కానా', అంటే బెదిరించు, అన్న క్రియ మూలం కావడమే ఎక్కువ సంభావ్యమని 1903 ముద్రణ సూచించింది. పదం రూపంలో ఆంగ్ల శబ్దాల ప్రభావం కూడా ఉంది. మూగ అనే అర్థంగల ఆంగ్లపదం, భయపెట్టి అణచు అనే అర్థంగల మరో ఆంగ్లపదం కలిసినట్లు ఇది వినిపిస్తుంది. ఇది లోకనిరుక్తికి చక్కని ఉదాహరణ.

పట్టుకొను, కల్పించు, బెదిరించు, బుజ్జగించు, కంగారుపెట్టు, బుద్ధి చెప్పు – ఈ అర్థాలను వరుసగా చదివితే ఒక శబ్దపట్టిక కంటే ఎక్కువే కనిపిస్తుంది. బంగళా, కచేరీ, శిబిరం అనే మూడు చోట్ల ఆంగ్లేయ అధికారి దినచర్య కనిపిస్తుంది. 'లగౌ' విషయంలో నిఘంటుకర్తలు చేసిన వ్యాఖ్య కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. షేక్స్పియర్ అనే పండితుడు కూర్చిన హిందుస్తానీ నిఘంటువు 'లగానా'కు సుదీర్ఘమైన అర్థాల జాబితా ఇచ్చింది. పడవను ఒడ్డుకు చేర్చు అనే అర్థం మాత్రం అందులో లేదు. ఆంగ్లేయులు నిత్యం వాడుతున్న అర్థం అదే. కనుక ఈ క్రియలు పుస్తకాల నుంచి రాలేదు, నది మీద పడవవాడికి ఇచ్చిన కేక నుంచి వచ్చాయి.

ఈ వర్గంలో ప్రపంచమంతటా నిలిచిన పదం ఒకటుంది. అది 'షాంపూ'. ఒత్తు, పిసుకు అనే అర్థంగల 'చాంప్నా'కు ఆజ్ఞార్థకమైన 'చాంపో' దీనికి మూలం. హాబ్సన్-జాబ్సన్ దీనిని 'బనౌ', 'పకరో'ల సరసనే చేర్చింది. 18వ శతాబ్దపు ఆంగ్లంలో దీనికి ఒళ్లు పట్టు, మర్దన చేయు అనే అర్థమే ఉండేది. పట్నాలో 1759లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్ పట్టణంలో ఆవిరిస్నానాలు, మర్దన చికిత్స నిర్వహించి, ఈ విషయంపై 1822లో ఒక పుస్తకం కూడా ప్రచురించాడు. 19వ శతాబ్దంలో ఈ క్రియ తల రుద్ది కడుగు అనే అర్థానికి మారి, ఆ తర్వాత కడిగే ద్రవ్యానికి పేరైంది. 'చూడు' అనే అర్థంగల 'దేఖో' కూడా ఇలాగే బ్రిటిష్ యాసలో 'డెకో' రూపంలో నిలిచింది. అక్కడ అది ఒకసారి చూడటం అనే అర్థంలో ఎక్కువగా నామంగా వాడబడుతుంది.

5. సారూప్యభ్రమలు:

'పకరో' నిరుక్తిని పరిశీలించేవారు మూడు పొరపాట్లకు అవకాశం ఇవ్వకూడదు. మొదటిది, ముడతపడు, పెదవులు ముడుచు అనే అర్థంగల ఆంగ్లక్రియ 'పకర్'తో దీనికి సంబంధం లేదు. అది ఆంగ్లంలో సంచి అనే అర్థంగల పదంతో ముడిపడినదని భావిస్తారు. రెండవది, న్యూజిలాండ్ ఆంగ్లంలో చెడిపోయిన, విరిగిన అనే అర్థంలో వాడే 'పకరూ'తోనూ దీనికి సంబంధం లేదు. దాని మూలం మావోరీ భాషలోని 'పకరు'. ధ్వనిసామ్యం ఎంత దగ్గరగా ఉన్నా రెండు పదాల చరిత్రలు వేర్వేరు సముద్రాలవి.

మూడవది మరింత సూక్ష్మమైనది. హిందీలో 'ఆవ్' అనే కృత్ప్రత్యయం క్రియల నుంచి భావనామాలను ఏర్పరుస్తుంది. 'ఘెరావ్' అలాంటి నామమే. తెలుగు పత్రికలలో, ఉద్యమ భాషలో 'ఘెరావ్ చేయు' అన్నప్పుడు మనం గ్రహించినది ఆజ్ఞను కాదు, నామాన్ని. భారతీయ ఆంగ్లంలో దానినే క్రియగానూ వాడతారు. పైకి 'పకరో' వలె కనిపించినా దాని పుట్టుక వేరు. 'బనౌ' విషయంలో కూడా ఈ సందేహానికి తావుంది. హిందీలో 'బనావ్' నామంగానూ ఉంది, హాబ్సన్-జాబ్సన్ కూడా 'బనౌ'ను నామం, క్రియ అని రెండు విధాలా చూపింది. 'పకరో'కు ఈ సందేహం వర్తించదు. పట్టు అనే అర్థంలో హిందుస్తానీలో సర్వసాధారణమైన నామం 'పకడ్'. కాబట్టి ఆజ్ఞార్థకం నుంచి ధాతువు పుట్టిందనడానికి ఈ వర్గంలో 'పకరో' దృఢమైన సాక్ష్యం.

6. ఆజ్ఞార్థకమే ఎందుకు?

దీనికి వెంటనే తోచే సమాధానం అధికారం. ఆంగ్లేయ అధికారి హిందుస్తానీని ప్రధానంగా ఆజ్ఞలివ్వడానికి వాడాడు, అతనికి అలవాటైన రూపమే అతని సొంతభాషలోకి వెళ్లింది. ఈ సమాధానంలో నిజం ఉంది. అయితే ఇది సగం సమాధానమే. ఆ రూపం ఎందుకు చేతికి అందిందో ఇది చెబుతుంది. అది ధాతువుగా ఎందుకు నిలిచిందో చెప్పదు.

మిగిలిన సగం ఆంగ్ల వ్యాకరణంలో ఉంది. ఆంగ్లంలో ఆజ్ఞార్థకానికి ప్రత్యేక ప్రత్యయం లేదు. ధాతువే ఆజ్ఞ. 'పట్టు' అని ఆజ్ఞాపించడానికి వాడే రూపమూ, 'పట్టడానికి' అన్న తుమున్నర్థంలో వాడే రూపమూ ఒక్కటే. అందువల్ల 'పకడో' అన్న ఆజ్ఞను విన్న ఆంగ్లవ్యవహర్త దానిని సహజంగానే ధాతువుగా భావించి, దానికి తన భూతకాల ప్రత్యయాన్ని, వర్తమాన ప్రత్యయాన్ని చేర్చాడు. చివరనున్న 'ఓ' లేదా 'ఆవో' ఒక ప్రత్యయమన్న స్పృహ అతనికి కలగలేదు. మూలభాషలోని ఆజ్ఞ ఆ విధంగా గ్రహణభాషలో ఆజ్ఞాభావాన్ని కోల్పోయి, నేను పట్టుకొన్నాను, వారు పట్టుకొంటారు అని చెప్పడానికి కూడా పనికివచ్చింది.

7. తెలుగు అనుసరించిన మార్గం:

అధికారమే ఏకైక కారణమైతే తెలుగులోనూ ఇదే జరిగి ఉండాలి. గోల్కొండ, హైదరాబాదు రాజ్యాలలో తెలుగువారు తరతరాలుగా పారసీక, హిందుస్తానీ భాషలలో ఆజ్ఞలు విన్నారు. 19వ శతాబ్దపు చివరి భాగంలో హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ పాలనాభాష అయింది. ఆజ్ఞలిచ్చేవారి భాషలోకి ఆజ్ఞార్థకం వెళ్లినట్లే, ఆజ్ఞలు వినేవారి భాషలోకి కూడా వినవచ్చిన రూపమే రావాలి. తెలుగులో జరిగినది వేరు.

తెలుగు గ్రహించిన క్రియలు ఇవి: బనాయించు, చలాయించు, దబాయించు, సతాయించు, ఫిరాయించు, ఉడాయించు. వీటిలో ఒక్కదానిలోనూ 'ఓ' అనే ఆజ్ఞార్థక ప్రత్యయం లేదు. బనానా, చలానా, దబానా, సతానా, ఫిరానా, ఉడానా అనే క్రియల నుంచి 'నా' ప్రత్యయాన్ని తొలగించి, ఆకారాంతమైన ప్రాతిపదికను తెలుగు విడదీసుకొంది. దానికి 'ఇంచు' చేర్చింది. రెండు అచ్చుల నడుమ యడాగమం వచ్చింది. సంస్కృత పదాలను 'ఊహించు', 'ధరించు' అని క్రియలుగా మలచుకోవడానికి ఏ ప్రత్యయాన్ని వాడిందో, హిందుస్తానీ క్రియలకూ దానినే వాడింది.

'బనౌ', 'బనాయించు' ఈ రెండు మార్గాలను పక్కపక్కన చూపే జంట. రెండింటి మూలం ఒకే క్రియ. రెండు భాషలలోనూ తయారుచేయు అనే మంచి అర్థం వెనక్కిపోయి, లేనిదానిని కల్పించు అనే చెడు అర్థం ముందుకొచ్చింది. 'అక్రమ కేసు బనాయించారు' అన్న వాక్యం ఈనాటికీ పత్రికలలో కనిపిస్తుంది. ఆంగ్లేయ అధికారి, తెలుగు కక్షిదారు ఒకే కచేరీలో రెండు వైపుల నిలబడి ఈ మాటను నేర్చుకొన్నట్లుంది. అర్థం కలిసింది, రూపం కలవలేదు. ఆంగ్లంలో ఆజ్ఞ మిగిలింది, తెలుగులో ప్రాతిపదిక మిగిలింది.

తెలుగుకు ఆజ్ఞార్థకాలు అసలే రాలేదని కాదు. 'చలో' వచ్చింది. 'చలో ఢిల్లీ' వంటి నినాదాలలో అది స్థిరపడింది. కాని అక్కడ అది అవ్యయప్రాయంగా ఉండిపోయింది, ధాతువై కాలప్రత్యయాలను స్వీకరించలేదు. క్రియ కావలసివచ్చినప్పుడు తెలుగు 'చలో'ను పక్కన పెట్టి 'చలానా' నుంచి 'చలాయించు'ను తెచ్చుకొంది. ఏది ప్రాతిపదిక, ఏది ప్రత్యయం అన్న స్పృహ తెలుగు వ్యవహర్తకు ఉందనడానికి ఇది నిదర్శనం. దీనికి కారణం ద్విభాషా పరిచయం. గుమాస్తాలు, వకీళ్లు, వ్యాపారులు, పల్లెలలోని ఉద్యోగులు హిందుస్తానీని ఆజ్ఞల మేరకే కాక అర్జీలో, వాదనలో, బేరంలో, ఇరుగుపొరుగు మాటలలో విన్నారు, మాట్లాడారు. క్రియ రూపాలన్నీ తెలిసినవారికి వాటి మధ్య ఉమ్మడి భాగం ఏదో తెలుస్తుంది.

తెలుగులో అధికార సంబంధపు జాడ మరో చోట ఉంది. ఆంగ్లంలో 'సంజౌ' అయిన క్రియకు చెందిన నామం తెలుగులో 'సంజాయిషీ' అయింది. ఆంగ్లేయుడికి అది తాను ఎదుటివాడికి బలవంతంగా బోధపరచడం. తెలుగు ఉద్యోగికి అది తాను పై అధికారికి ఇచ్చుకోవలసిన వివరణ. 'గబ్రౌ' ఆంగ్లంలో ఇతరులను కంగారుపెట్టడం కాగా, అదే కుటుంబానికి చెందిన 'గాబరా' తెలుగులో మనం 'పడే'ది. కర్త మారాడు. అధికారం పదరూపంలో కాక అర్థంలో, కారకసంబంధంలో నమోదైంది.

8. ముగింపు:

'పకరో' నిరుక్తి నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఆదానక్రియ ఏ రూపంలో అందుతుందో మాట్లాడుకొనే సందర్భం నిర్ణయిస్తుంది. ఆజ్ఞలతోనే నడిచిన సంభాషణ నుంచి ఆజ్ఞార్థకమే అందుతుంది. రెండు, అందిన రూపం ధాతువుగా నిలుస్తుందో లేదో గ్రహణభాష వ్యాకరణం నిర్ణయిస్తుంది. ఆజ్ఞ, ధాతువు ఒకటిగా ఉండే ఆంగ్లంలో అది నిలిచింది. అన్యభాషా ప్రాతిపదికలను క్రియలుగా మార్చడానికి ప్రత్యేక ప్రత్యయం ఉన్న తెలుగుకు దాని అవసరం కలగలేదు. మూడు, ద్విభాషా పరిచయం లోతుగా ఉన్నచోట వ్యవహర్తలు వినవచ్చిన రూపాన్ని విడదీసి, తమకు కావలసిన భాగాన్నే తీసుకొంటారు. కనుక 'ఆజ్ఞార్థకం వచ్చింది కాబట్టి అది పాలకుల భాష' అనే సూత్రాన్ని యాంత్రికంగా అన్వయించడం తగదు.

తెలుగు నిఘంటు నిర్మాణానికి దీనివల్ల ఒక ప్రయోజనం ఉంది. 'బనాయించు' వంటి పదానికి అన్యదేశ్యం, హిందుస్తానీ అని గుర్తు వేయడంతో ఆరోపం పూర్తికాదు. మూలక్రియ ఏది, దానిలో ఏ భాగం తెలుగులోకి వచ్చింది, సకర్మకత్వంలో, అర్థంలో వచ్చిన మార్పు ఏది అన్న వివరాలను కూడా చేర్చాలి. హిందుస్తానీలో ఎగురవేయు అనే అర్థంగల సకర్మకక్రియ తెలుగులో 'ఉడాయించు' అయి, పారిపోవు అనే అర్థంలో అకర్మకంగా ఎలా మారిందో అప్పుడే తెలుస్తుంది. మాండలికాల వారీగా ఇటువంటి క్రియలను సేకరించి, వాటి ప్రయోగాలను కాలక్రమంలో అమర్చగలిగితే, తెలుగువారు అన్యభాషలను ఎక్కడ, ఎవరి నోట విన్నారో, ఎంత లోతుగా నేర్చుకొన్నారో చెప్పగల సాక్ష్యం వాటిలోనే దొరుకుతుంది.